రాగి నల్లబడిన ఎండాకాలం

శ్రావణ శుక్రవారం కలశంలో వెయ్యడానికి రాగి నాణెం కావాలని మా కోడలు మాధవి బీరువా అడుగు అర వెతుకుతుంటే, పాత పట్టుచీర మడతలోంచి చిన్న గుడ్డమూట ఒకటి బయటపడింది. మాధవిది గుంటూరు వైపు. పోచారంలో ఉద్యోగం, ఆ రోజు ఇంటి నుంచే పని. చెవిలో ఏదో తగిలించుకుని ఆఫీసు వాళ్ళ మాటలు వింటూనే మూట విప్పి చాప మీద గుమ్మరించింది. "అత్తయ్యా, ఇవేంటి ఇలా అయిపోయాయి? బొగ్గుముక్కలనుకున్నాను" అంది. నేను వంటింట్లో పులిహోరకు చింతపండు పిసుకుతున్నాను. ఆ చేతులతోనే వచ్చి చూశాను. నిజాం కాలం నాటి రాగి పైసలు, కొన్నిటికి మధ్యలో చిల్లి. మా నాయనమ్మవి. హైదరాబాద్ అంచున బోడుప్పల్‌లో ఈ ఫ్లాటు కొనుక్కుని వచ్చినప్పటి నుంచీ అవి నా బీరువాలోనే ఉన్నాయి. ఉన్నాయని మరిచిపోలేదు కానీ, ఆ చీర మడత విప్పిందీ లేదు.

మాధవికి దేని సంగతైనా వెంటనే తేల్చుకోవాలి. ఫోను తీసి చదివి వినిపించింది. గాలి తగిలి తగిలి రాగి మొదట గోధుమరంగుకు తిరుగుతుందట. తేమలో ఏళ్ళ తరబడి పడి ఉంటే పచ్చటి చిలుము కడుతుందట. చేతి చెమటలోని ఉప్పు వల్ల మచ్చలు పడతాయట. గంధకం కలిసిన గాలి తగిలితే మాత్రం ఇట్టే నల్లబడుతుందట. నిమ్మచెక్కకు ఉప్పు అద్ది రుద్దితే మళ్ళీ మెరుస్తాయని కూడా రాశారట. అది చెప్పి, ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయ తేవడానికి లేచింది. నేను ఆ పైసలన్నీ గబగబా ఏరి మూట కట్టేశాను. నేను మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం చూసి ఆ పిల్ల నిమ్మకాయ మాట మరిచిపోయింది, బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని అడిగింది. కలశంలోకి ఇంకో నాణెం చూసుకుందాంలే అన్నాను. ఫోనులో అయిదు వాక్యాల్లో ఉన్న సంగతి ఒకప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియక ఒక ఎండాకాలం మొత్తం మేము బతికిన తీరు ఆ పిల్లకు ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలో నాకు తోచలేదు.

మేమప్పుడు నాచారంలో ఉండేవాళ్ళం. ఇప్పటి నాచారం కాదు. కార్ఖానాల షెడ్లు ఒకటొకటిగా లేస్తున్న రోజులు, షెడ్డుకూ షెడ్డుకూ మధ్య ఇంకా జొన్నచేలు ఉండేవి. ఆలేరు దగ్గరి పల్లె నుంచి నాయన బోల్టులు చేసే ఒక షెడ్డులో పనికి వచ్చాడు, ఆయన వెనక మేమందరం వచ్చాం. ఒకే ప్రహరీలో వరసగా కట్టిన వాటాల్లో చివరిది మాది. మూడు గదులు, ముందు వసారా. పొద్దున సైరన్ మోగగానే అమ్మ పొయ్యి మీద చాయ్ దించేది. నాయన రాత్రి డ్యూటీ నుంచి వస్తే ఆయన ఖాకీ చొక్కా నుంచి వచ్చే ఇనుము వాసన, మిషన్ నూనె వాసన చాయ్ వాసనతో కలిసిపోయేది. ఇప్పటికీ ఏ మెకానిక్ షాపు ముందు నుంచి నడిచినా నాకు చాయ్ తాగాలనిపిస్తుంది.

మా వాటా వెనక గోడను ఆనుకుని ఒక పాత బావి ఉండేది. అదంతా పొలంగా ఉన్నప్పుడు మోట కొట్టిన బావి అది. నల్లా నీళ్ళు వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇంటాయన పైన సిమెంటు రేకులు కప్పి, రేకుల మీద ముళ్ళకంప వేయించాడు. అయినా వాటాల వాళ్ళందరం ఒక రేకు పక్కకు జరిపి చెత్త అందులోనే వేసేవాళ్ళం. మోరీలోని మురికినీళ్ళు కూడా ఒక పక్క నుంచి అందులోకే పడేవి. వెనక గదికి ఉన్న ఒక్క కిటికీ ఆ బావి వైపే తెరుచుకునేది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తోందని మొదట్లో అందరం ముక్కు మూసుకున్నాం. తరవాత అలవాటైపోయింది. చుట్టాలొచ్చి ఏందీ వాసన అంటే, ఏ వాసన అని మేమే తిరిగి అడిగేవాళ్ళం.

ఆ వెనక గదిలోనే గోడ గూట్లో నాయనమ్మ దేవుడు. అమ్మవారి పటం, ముందు రాగి పళ్ళెం, పళ్ళెంలో ఆ రాగి పైసలు. పెళ్ళప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టి పంపిన పైసలట. శుక్రవారం పొద్దున తానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వసారాలో పీట వేసుకుని కూర్చునేది. చింతపండు గుజ్జు, పొయ్యిలోని మెత్తటి బూడిద కలిపి ఒక్కొక్క పైసనూ బొటనవేలితో తోమేది. ముంజేతుల మీది పచ్చబొట్లు ఆ రాగి ఎరుపు పక్కన ఆకుపచ్చగా కనిపించేవి. తోమాక నీళ్ళలో ఆడించి, తెల్లగుడ్డతో తుడిచి, పళ్ళెంలో వలయంగా పేర్చి, కర్పూరం వెలిగించేది. తడిసిన రాగి వాసన, చింతపండు పులుపు, కర్పూరం పొగ. శుక్రవారం అంటే నాకు అదే. వారం తిరిగేసరికి ఆ పైసలు కాస్త మసకేసి ఇటుక రంగుకు వచ్చేవి. అంతకు మించి ఎప్పుడూ రంగు మారలేదు.

చలికాలంలో మా చిన్నాయన పెళ్ళి అయింది. చిన్నాయన మాతోనే ఉండి, నాయన షెడ్డులోనే పని నేర్చుకుంటున్నాడు. పెళ్ళి చేసుకుని తెచ్చిన పిల్ల పేరు అండాలు, భువనగిరి అవతల పల్లె. పొడుగ్గా, ఎముకలు కనిపించేంత సన్నగా ఉండేది. నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది కాదు, అది నాయనమ్మకు నచ్చేది కాదు. అరచేతులు ఎప్పుడూ చెమటతో తడిగా ఉండేవి. పుస్తకం పట్టుకుంటే కాగితం మీద వేళ్ళ గుర్తులు పడేవి. ఆమె వచ్చాక నాయనమ్మకు కీళ్ళ నొప్పులు ఎక్కువై, శుక్రవారం పైసలు తోమే పని చిన్నమ్మ చేతికి వచ్చింది.

శివరాత్రి దాటి ఎండలు ముదిరే వేళకు పైసలు నల్లబడడం మొదలుపెట్టాయి. శుక్రవారం తోమి పెడితే ఆదివారానికి నలుపు. ఇటుక రంగు కాదు, మసక కాదు, కంటికి పెట్టుకునే కాటుక లాంటి నలుపు. అంచుల్లో మాత్రం నీళ్ళ మీద కిరోసిన్ తేలినట్టు నీలంగా మెరిసేది. మొదటిసారి చూసి నాయనమ్మ చింతపండు తక్కువ పడిందని కసిరింది. రెండోసారి తనే కూర్చుని తోమింది. మూడోసారి నల్లగా కనిపించాక పళ్ళెం చేతిలో పట్టుకుని గూటి ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు. సాయంత్రం అమ్మతో చెబుతుంటే విన్నాను. తాతను మన్నులో పెట్టిన ఏడు కూడా ఈ పైసలు ఇట్లాగే అయ్యాయట. తోమిన కొద్దీ నల్లబడ్డాయట, ఆ వానాకాలమే తాతకు జరమొచ్చి పోయాడట. "ఇంట్ల మనిషి పొయ్యే ముంగట రాగికి ఎరుకైతదే" అంది నాయనమ్మ. ఆమె గొంతు పెంచలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ మాట విన్న దగ్గర్నించి నేను ఇంట్లో వాళ్ళ ముఖాలు చూడడం మొదలుపెట్టాను. ఎవరు? నాయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి మధ్యాహ్నం వసారాలో పడుకుంటే, బడి నుంచి రాగానే సంచీ కూడా దించకుండా ఆయన పక్కన నిలబడి ఛాతీ లేస్తోందా లేదా అని చూసేదాన్ని. ఒక్కోసారి ఆ లేవడం ఆలస్యమైనట్టు అనిపించి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అమ్మకు తలనొప్పి పట్టుకుంది, పొద్దున లేవగానే మొదలై వసారాలోకి వచ్చి కూర్చుంటే తగ్గేది. తమ్ముడికి దగ్గు. నాకు కళ్ళ మంటలు. ఇవన్నీ ఇంతకుముందు లేవు. ఒకరోజు అమ్మ తన వెండి పట్టీలు తీసి చూసుకుంది, అవి కూడా నల్లబడ్డాయి. పట్టీలు మళ్ళీ కాళ్ళకు పెట్టుకోకుండా గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది, నాయనమ్మ కంట పడకూడదని. వంటింట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం తగ్గిపోయింది. గిన్నెల చప్పుడు మాత్రమే వినిపించేది. ఎవరైనా తుమ్మినా అందరం తలెత్తి చూసేవాళ్ళం.

భయం ఎవరో ఒకరి మీదికి పోవాల్సిందే కదా. అది చిన్నమ్మ మీదికి పోయింది. ఆమె వచ్చాకనే పైసలు ఆమె చేతికి వచ్చాయి, ఆమె చేతికి వచ్చాకనే నల్లబడ్డాయి. పైగా ఆ తడి అరచేతులు. నాయనమ్మ నోరు పారేసుకునే మనిషి కాదు. ఒక శుక్రవారం చిన్నమ్మ చింతపండు నానబెడుతుంటే గిన్నె ఆమె ముందు నుంచి తీసుకుని, "అండాలూ, ఇగ నువ్వు గూటి దిక్కు పోకు" అంది. అంతే. చిన్నమ్మ సరే అత్తమ్మా అని లేచి, చేతులు చీరకు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత అమ్మే తమ్ముడికి ముద్దలు పెట్టేది, చిన్నమ్మను పెట్టనిచ్చేది కాదు. వానలు పడేదాకా పిల్లను పుట్టింట్లో ఉంచితే ఎట్లుంటది అని నాయనమ్మ నాయనను అడిగింది. నాయన కంచం వైపే చూస్తూ ఊఁ అన్నాడు. చిన్నాయన అక్కడే ఉన్నాడు, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. చిన్నమ్మ నవ్వడం మానేసింది. పొద్దస్తమానం చేతులు కడుక్కునేది. బూడిదతో, కుంకుడు నురగతో, ఒక్కోసారి ఇసుకతో కూడా. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉండేది.

పుట్టింటికి పంపే మాట నడుస్తుండగానే ఆమె ఒక పని చేసింది. నాయనమ్మ కంట పడకుండా చిల్లి ఉన్న పైసలు కొన్ని తీసి బాగా తోమింది. చెయ్యి తగలకుండా గుడ్డతో పట్టుకుని ఒకటి గూట్లో పటం వెనక పెట్టింది. ఒకటి బియ్యం డబ్బాలో లోతుగా పూడ్చింది. ఒకటి వెనక కిటికీ చువ్వకు దారంతో కట్టింది. ఒకటి తన కొంగుకు ముడేసి బొడ్డున దోపుకుంది, తడి చేత్తో ఆ ముడిని తడుముతూ పిసుకుతూ ఉండేది. ఇదంతా ఎందుకు చేస్తోందో ఎవరికీ చెప్పలేదు. కొన్ని రోజులకు, నాయనమ్మ పక్క వాటాకు వెళ్ళిన సమయం చూసి, అమ్మను, నన్ను పిలిచి ఆ పైసలన్నీ వసారాలో నేల మీద వరసగా పెట్టింది. బియ్యంలోది తోమినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఎర్రగా ఉంది. కొంగులోది మచ్చలు పడి, ఒక పక్క కొద్దిగా పచ్చబడి, గోధుమరంగుగా ఉంది. గూట్లోది నలుపు. కిటికీకి కట్టింది మసి కన్నా నలుపు, గోటితో గీకితే పొర రాలింది. "నా చెయ్యి కాదక్కా" అంది చిన్నమ్మ. "గా కిటికీల నుంచి ఏదో వస్తుంది. బాయిలకెల్లి." అమ్మ పైసల వైపు, కిటికీ వైపు చూసి, ఆ సంగతి ఇప్పుడు అత్తమ్మతో చెప్పకు, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఊరుకో, నేనే సమయం చూసి చెబుతానంది. కానీ ఆ రోజు నుంచి అమ్మ వెనక గది కిటికీ మూసేసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. నాకు మాత్రం భయం రెండింతలైంది. అప్పటిదాకా ఎవరో పోతారని భయం. ఇప్పుడు ఆ పోవడం ఏ వైపు నుంచి వస్తుందో కూడా తెలిసినట్టైంది. కిటికీ మూసి ఉన్నా ఆ గదిలోకి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని కాదు.

అమ్మ చెప్పే సమయం రాకముందే నల్లాలు ఎండిపోయాయి. రోజు మార్చి రోజు వచ్చే నీళ్ళు వారానికోసారి కూడా రావడం లేదు. బిందెల కోసం కొట్లాటలు మొదలయ్యాయి. ఇంటాయన వచ్చి, ఆ పాత బావి పూడిక తీయిస్తే ఊట పడుతుందని, కనీసం గిన్నెలకూ బట్టలకూ పనికొస్తుందని అన్నాడు. అందరికీ సబబుగానే తోచింది. పల్లెలో బావులు దిగి అలవాటున్న మా చిన్నాయన, పక్క వాటా రాములన్న దిగుతామన్నారు. రాములన్న నాయనతో కలిసి పని చేసేవాడు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, పండక్కి మా పిల్లలందరికీ పీచుమిఠాయి కొనిపెట్టేవాడు. ముందురోజు మగవాళ్ళు రేకులు తీసేసి బావి నోరు ఎండకు వదిలేశారు. తెల్లవారి అందరం వెళ్ళి చూస్తే వింత, వాసన లేదు. ఇన్నాళ్ళూ ముక్కుకు పట్టేసిన ఆ కోడిగుడ్డు కంపు ఆ పొద్దున ఎవరికీ తెలియలేదు. మూత తీసేసరికి గాలి మంచిదైందని అందరూ సంతోషించారు. అట్లాంటి గంధకపు గాలి మరీ ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుందని, వాసన పోవడమే చెడ్డ గుర్తని నేను ఎన్నో ఏళ్ళ తరవాత చదివాను. అప్పుడు మాత్రం ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని నవ్వుకుంటూ బావి చుట్టూ నిలబడ్డారు.

చిన్నాయన పద్ధతి తెలిసిన మనిషి. కందిలి వెలిగించి తాడుకు కట్టి మెల్లగా కిందికి దించాడు. దీపం ఆరలేదు. బుడ్డి లోపల మంట కదలకుండా నిలబడింది. గాలి మంచిగనే ఉంది, ఫికర్ లేదు అని అందరికీ వినిపించేలా అన్నాడు. అప్పుడు చిన్నమ్మ ముందుకు వచ్చింది. అంతమంది మగవాళ్ళ ముందు ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. చేతిలో దారం, దారానికి చిల్లి పైస. రేకులు తీసినప్పుడు దాన్ని బావిలోకి వేలాడదీసిందట, ఇప్పుడే పైకి లాగిందట. ముందురోజు ఎర్రగా తోమి కట్టిన పైస, దారం కట్టిన చోటు తప్ప అంతా నల్లగా ఉంది.

"దిగకు" అంది చిన్నాయనతో. "దీపం సంగతి నాకు తెల్వదు. గా లోపల ఉన్నది మంచిది కాదు."

ఎవరో నవ్వారు. చిన్నాయన ముఖం ఎర్రబడింది. పక్కకు పో అని ఆమెను మెల్లగా తోసి, లుంగీ పైకి కట్టి, బావి గోడకున్న రాతి మెట్టు మీద కాలు పెట్టాడు. అప్పుడు జరిగింది నేను అనుకోనిది. బావికి కాస్త దూరంలో కూర్చున్న నాయనమ్మ కర్ర కూడా తీసుకోకుండా లేచి వచ్చి, చిన్నమ్మ చేతిలోని పైసను చూసింది. చూసి, వంగి, కొడుకు జుట్టు పిడికిట పట్టుకుంది. ఆమెకు బావి సంగతి ఎవరూ చెప్పలేదు. గాలి సంగతీ తెలియదు. ఆమెకు కనిపించింది తాత పోయిన ఏటి నలుపు. "నా కండ్ల ముంగట నువ్వు దిగద్దు కొడుకా" అంది. "ఎక్కు. ఎక్కు పైకి." ముసలామె అట్లా అందరి ముందు ఏడవడం ఆయన ఎప్పుడూ చూడలేదనుకుంటాను. కాలు వెనక్కి తీసుకున్నాడు.

రాములన్న నవ్వుతూ, ఆడోళ్ళంతా ఒక్కటైన్రు, సరే నేను దిగుతా అన్నాడు. చిన్నమ్మ ఆయనను ఆపలేకపోయింది, ఆయన మీద ఆమెకు ఏం హక్కుంది? పరాయి మగవాడు. తాడు తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చి, "నడుముకు కట్టుకొనన్న దిగు అన్నా, నీ కాళ్ళు మొక్కుతా" అంది. ఆమె ముఖం చూసి ఆయన జాలిపడి ఉంటాడు. సరే తల్లీ అని తాడు నడుముకు చుట్టి ముడేసుకున్నాడు. కందిలి చేత్తో పట్టుకుని, గడ్డపార భుజాన వేసుకుని దిగాడు. ఆయన భార్య బాలమణి బావి గట్టు మీద కూర్చుని, కింద ఏమున్నయ్ అని అడుగుతుంటే ఆయన ఏవో హాస్యాలు ఆడుతున్నాడు. కిందికి వెళ్ళి, కందిలిని ఒక రాయి మీద పెట్టి, గడ్డపారతో పూడికను పొడిచాడు. బుడగలు వచ్చాయి. ఆయన తలెత్తి మా వైపు చూశాడు. ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు. కేక వెయ్యలేదు, గొంతు పట్టుకోలేదు. నిద్ర ముంచుకొచ్చిన పిల్లవాడిలా మోకాళ్ళ మీదికి కుంగి, ముఖం ఆ బురదలోకి ఆనేలా ఒరిగిపోయాడు. పక్కన రాయి మీద కందిలి అట్లాగే వెలుగుతోంది. ఆ వెలుగులోనే ఆయన వీపు మాకు కనిపిస్తోంది. నా జీవితంలో అంత భయం వేసిన క్షణం ఇంకొకటి లేదు. దీపం ఆరిపోయి ఉంటే కొంచెం తక్కువ భయపడేదాన్నేమో.

బాలమణి అరిచిన అరుపుకు నాయన నిద్రలోంచి లేచి పరిగెత్తుకొచ్చాడు. చిన్నాయన రాములన్నా అంటూ బావిలోకి దూకబోయాడు. చిన్నమ్మ వెనక నుంచి రెండు చేతులతో ఆయన నడుమును చుట్టేసి, నేల మీద కూర్చుండిపోయింది. ఆయన ఆమె చేతుల మీద కొట్టాడు, తిట్టాడు. ఆమె వదలలేదు. "తాడు గుంజు" అంటోంది, అదొక్కటే మాట. "దిగకు, తాడు గుంజు." చివరికి ఆ మాట ఆయన తలకెక్కింది. ఆయన, నాయన, ఇంటాయన, దారిన పోయేవాళ్ళు కొందరు కలిసి తాడు లాగారు. రాములన్న బావి గోడకు కొట్టుకుంటూ పైకి వచ్చాడు, ముఖం ఒక పక్కంతా చెక్కుకుపోయి, పెదవులు నేరేడు పండు రంగులో. పక్క షెడ్డు ముందు ఆగి ఉన్న లారీలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోయారు. సాయంత్రం నాయన తిరిగి వచ్చి చెప్పాడు, పానం ఉందని. కుళ్ళిన చోట, ఎండలకు ఇంకా ఎక్కువగా పుట్టే విషపు గాలి అదని, దాంట్లో గంధకం ఉంటుందని, దీపం ఆరకపోయినా మనిషిని ఆర్పేస్తుందని డాక్టరు చెప్పాడట. ఇంకో రెండు గుక్కలు పీల్చి ఉంటే దక్కేవాడు కాదట. కాపాడదామని దిగినవాళ్ళు కూడా ఒకరి మీద ఒకరు పడి పోతారట, ఎక్కువగా జరిగేది అదేనట.

రాములన్న బతికాడు గానీ మళ్ళీ మునుపటిలా కాలేదు. చేతులు వణికేవి, చిన్న బోల్టులు పట్టు దొరికేవి కావు. మాట మధ్యలో ఆగిపోయి ఏం చెబుతున్నాడో వెతుక్కునేవాడు. కొన్నాళ్ళు చూసి, వాళ్ళు పల్లెకు తిరిగి వెళ్ళిపోయారు. ఇంటాయన లారీల కొద్దీ మట్టి, రాళ్ళు పోయించి బావి పూడ్పించాడు. పూడ్చాక అమ్మ తలనొప్పి తగ్గింది, తమ్ముడి దగ్గు తగ్గింది. తరవాతి శుక్రవారం నాయనమ్మ పైసలు తోమలేదు. అన్నీ గుడ్డలో కట్టి చిన్నమ్మకు ఇయ్యబోతే ఆమె నాకొద్దు అత్తమ్మా అంది. మొండిగా కాదు, నిజంగానే భయపడుతూ. అమ్మ తీసుకుని దాచింది. అమ్మ తరవాత నాకు వచ్చాయి. క్షమాపణ అనే మాట మా నాయనమ్మకు తెలియదు, ఆ కాలంలో అత్తలెవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం ఆమె నూనె గిన్నె తెచ్చుకుని చిన్నమ్మ ముందు వీపు తిప్పి కూర్చుంది. జుట్టు విప్పుకుని, "జర తలకు రాయి బిడ్డా" అంది. చిన్నమ్మ తన చేతుల వైపు ఒకసారి చూసుకుని, నూనె వంపుకుంది.

ఇప్పుడు ఆ చోట అయిదంతస్తుల హాస్టలు ఉంది. మొన్న ఉప్పల్ నుంచి ఆటోలో వస్తూ చూశాను. కింద కర్రీ పాయింటు, పైన బాల్కనీల నిండా ఆరేసిన జీన్సు ప్యాంట్లు. ఆ పిల్లల కాళ్ళ కింద ఏముందో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మేము భయపడినట్టు వాళ్ళు భయపడరు. ఏదైనా రంగు మారితే ఫోను చెబుతుంది. అది మంచిదే. ఒక కొత్త కోడలి చేతుల వైపు ఇల్లంతా చూసే రోజులు పోయినందుకు నాకు సంతోషం. కానీ అంతా తెలిసిన ఈ రోజుల్లో కూడా మ్యాన్‌హోల్లో ఒకరు దిగి, ఆయన కోసం ఇంకొకరు దిగి, ఇద్దరూ పోయారని పేపర్లో ఒక మూల వస్తూనే ఉంటుంది. మేము తెలియక బావి చుట్టూ నిలబడ్డాం. ఇప్పుడు తెలిసి కూడా దింపుతున్నారు. మా అపార్టుమెంటులో సంపు కడిగించే రోజు నేను ఇంట్లో కూర్చోలేను. కిందికి వెళ్ళి వాచ్‌మన్ పక్కన నిలబడతాను, నీళ్ళు తోడి, మూత తెరిచి పెట్టి చాలాసేపు ఆగితే గానీ ఎవర్నీ దిగనివ్వను. కమిటీ వాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

పూజ అయిన మర్నాడు నారపల్లి వెళ్ళాను. చిన్నాయన పోయాక చిన్నమ్మ అక్కడ కూతురి దగ్గరే ఉంటోంది. కొత్త వెంచర్ల మధ్య ఇంకా మిగిలిన ఒక మొక్కజొన్న చేను పక్కన వాళ్ళ ఇల్లు. వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. పక్కన కూర్చుని నేనూ తుంపుతూ, పైసలు బయటపడిన సంగతి, మాధవి చదివి వినిపించిన సంగతి చెప్పాను. ఊఁ కొడుతూ వింది. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. అంతమంది మగవాళ్ళు మంచిగనే ఉందంటుంటే, దీపం కూడా వెలుగుతుంటే, ఆ బావిలో పానం పోతదని నీకు అంత గట్టిగా ఎట్లా తెలిసింది చిన్నమ్మా అని.

ఆమె చేతిలోని చిక్కుడుకాయ తుంపి, గింజలు గిన్నెలో రాల్చి చెప్పింది.

"నాకేం తెల్వలే బిడ్డా. బాయి కోసమని పైసలు పెట్టలే నేను. నల్లగ జేస్తున్నది నా చెయ్యేనా కాదా అని సూసుకునేటందుకు పెట్టిన. కొంగుల పైస నల్లగైతే, నా పాపం ఇంటికి తగుల్తున్నట్టే గద. రేకు జరిపి ఆ బాయిలనే పడుదామనుకున్న."

మామూలు గొంతుతోనే చెప్పింది. చెప్పి, గిన్నె పక్కకు పెట్టి, ఎసరు పెట్టాలంటూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లోపలికి వెళ్ళింది. మిగిలిన కాయలు నేను తుంపాను. ఆ కొంగు ముడి ఆమె ఏ మూల కూర్చుని విప్పిందో, విప్పేముందు ఎంతసేపు పట్టుకుని కూర్చుందో నేను అడగలేదు. వినే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.